పసుపు: కొనే దగ్గర్నుంచి క్యాప్సూల్ దాకా, మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మందుల షాపు కౌంటర్ వెనక కూర్చునేవాడిని. బీపీ మాత్రల చీటీ చేతికిస్తూనే "పసుపు పాలు తాగితే ఇవి మానేయొచ్చా?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఒకవైపు పసుపుతో అన్నీ నయమవుతాయని వాట్సాప్ ఫార్వర్డ్‌లు, ఇంకోవైపు పసుపు వల్ల లివర్ పోతుందని యూట్యూబ్ వీడియోలు. రెండూ చూసి టెన్షన్ పడుతూ వచ్చేవాళ్ళకి చెప్పిందే చెప్పి, చివరికి ఇలా రాసిపెట్టాను. కొనడం, వండటం, పూయడం, తాగడం, మాత్రగా మింగడం అనే వరసలో ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పోపులపెట్టెలో ఉన్న పసుపు తిండి, సీసాలో వచ్చే క్యాప్సూల్ మందు. రెండింటినీ ఒకే లెక్కలో చూడటం వల్లే సగం గందరగోళం.

## కొనేటప్పుడు, దాచుకునేటప్పుడు

కొమ్ములు కొని మర పట్టించుకోవాలా, ప్యాకెట్ పొడి సరిపోతుందా?

వీలుంటే కొమ్ములే కొనండి. పొడిలో ఏం కలిసిందో కంటికి కనపడదు. మంచి కొమ్ము గట్టిగా ఉంటుంది, విరిస్తే టప్పున విరుగుతుంది, లోపల నారింజ కలిసిన పసుపు రంగు కనిపిస్తుంది. విరగకుండా వంగితే సరిగా ఆరలేదన్నమాట. సన్నటి రంధ్రాలుంటే పురుగు పట్టింది. మరకి తీసుకెళ్ళే ముందు కచ్చాపచ్చాగా దంచి ఒక రోజు ఎండలో పెట్టండి. కారం పట్టిన వెంటనే అదే మరలో పసుపు పట్టించొద్దు, ఆ ఘాటు తర్వాత పాలలోకీ మొహం మీదకీ వస్తుంది. అంత ఓపిక లేకపోతే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, తయారీ తేదీ ఉన్న చిన్న ప్యాకెట్ చాలు. సంచిలోంచి విడిగా తూచి ఇచ్చే పొడి మాత్రం నేనైతే కొనను.

నిజామాబాద్, దుగ్గిరాల, ఈరోడ్, లకడాంగ్... మందుకి ఏది మంచిది?

పసుపు గుణాల్లో ఎక్కువ పేరు కర్క్యుమిన్ అనే పదార్థానిది. మామూలు ఎండు పసుపులో అది 2 నుంచి 5 శాతం మధ్య ఉంటుంది. మేఘాలయలోని జైంతియా కొండల్లో పండే లకడాంగ్ పసుపులో 7 శాతం దాకా ఉంటుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. పప్పులో వేసే పావు చెంచాలో ఈ తేడా లెక్కలోకి రాదు కాబట్టి, మీకు దగ్గర్లో పండిన తాజా పసుపే మంచిదని నేను చెబుతాను. మనకి నిజామాబాద్, జగిత్యాల వైపు, దుగ్గిరాల చుట్టుపక్కల, కడప జిల్లాలో కావలసినంత పండుతుంది. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌లోనే మొదలైంది. కొత్త పంట సంక్రాంతి దాటాక యార్డులకు రావడం మొదలై ఫిబ్రవరి, మార్చి నెలల్లో జోరందుకుంటుంది. ఏడాదికి సరిపడా కొమ్ములు కొనుక్కోవడానికి అదే అదను.

పొలంలోనే కొమ్ముల్ని ఉడకబెడతారట. గుణం అక్కడే పోయినట్టు కాదా?

తవ్విన దుంపల్ని ఉడకబెట్టి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, డ్రమ్ముల్లో వేసి తిప్పి పాలిష్ పడతారు. ఉడకబెడితే పచ్చి వాసన తగ్గుతుంది, రంగు కొమ్మంతా సమంగా పరుచుకుంటుంది, తొందరగా ఆరుతుంది, నిల్వలో మొలకెత్తదు. కర్క్యుమిన్ కొంత తగ్గినా పోయేది తక్కువే. మనం తరతరాలుగా వాడుతున్నది ఈ ఉడికి ఎండిన పసుపునే.

రంగు బాగా ఉంటే మంచి పసుపేనా? కల్తీని ఇంట్లో పట్టుకోవచ్చా?

మరీ మెరిసిపోయే పసుపుని చూస్తే నాకు అనుమానమే. పొడిలో మెటానిల్ ఎల్లో అనే బట్టల రంగు, కొమ్ముల పైపూతగా లెడ్ క్రోమేట్ కలిపే మోసాలు ఉన్నాయి. రెండోది సీసం కాబట్టి ఇంకా ప్రమాదం, పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందని వెతుక్కుంటూ పోతే పసుపు దగ్గర తేలింది. 2019లో ఈ సంగతి బయటపడ్డాక అక్కడి ప్రభుత్వం మార్కెట్ల మీద దాడులు చేసి, జరిమానాలు వేసి రెండేళ్ళలోనే దాన్ని దాదాపు లేకుండా చేసింది.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు రెండు. గాజు గ్లాసు నీళ్ళలో ఒక చెంచా పొడి వేసి కలపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుగుకి దిగుతూ నీళ్ళకి లేత రంగే ఇస్తుంది, రంగు కలిపింది దిగేలోపే నీళ్ళని చిక్కటి పసుపుగా మార్చేస్తుంది. కొమ్ము అయితే నీళ్ళలో వేయగానే రంగు వదలకూడదు. ఈ రెండూ అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే. సీసం ఎంత ఉందో ల్యాబులోనే తెలుస్తుంది.

పూజ పసుపు మిగిలిపోయింది, కూరల్లో వేసేయొచ్చా?

వద్దు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, "తినడానికి కాదు" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఆహార పదార్థంగా అమ్మడం లేదు కాబట్టి ఆ నిబంధనలేవీ వర్తించవు, పిండీ రంగూ కలిసినా అడిగేవాళ్ళుండరు. మొహానికి కూడా అది వాడొద్దు. పసుపు గణపతిని చేయడానికి వంట పసుపు వాడితే దోషమేమీ లేదు కాబట్టి, ఇంట్లో ఒకటే డబ్బా పెట్టుకోవడం సుఖం.

కస్తూరి పసుపు, మానుపసుపు, మామిడి అల్లం అన్నీ ఒకటేనా?

కాదు. కస్తూరి పసుపు అదే జాతికి చెందిన వేరే మొక్క. మంచి వాసన, తక్కువ రంగు ఉంటాయి, పూతలకే వాడతారు, కూరల్లో వేయరు. మామిడి అల్లం కూడా ఆ జాతిదే, పచ్చడికి బాగుంటుంది. మానుపసుపుకి మాత్రం ఈ కుటుంబంతో సంబంధమే లేదు. అది హిమాలయాల్లో పెరిగే ముళ్ళ పొద, దాని కాండం పసుపుగా ఉంటుంది. అందులో ఉండేది బెర్బెరిన్ అనే వేరే మందు, మోతాదు వేరు, జాగ్రత్తలు వేరు. ఆయుర్వేద చీటీలో దారుహరిద్ర అని ఉంటే అది ఈ మానుపసుపే, వంట పసుపుతో సరిపెట్టుకోవద్దు.

ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది?

కొమ్ములు పొడిగా ఉంటే రెండేళ్ళయినా చెడవు. పొడిని ఏడాదిలోపు వాడేయండి. పసుపుకి వెలుతురు పడదు, రంగూ కర్క్యుమిన్ రెండూ తగ్గిపోతాయి. అందుకే పెద్ద డబ్బా లోపల అరలో, నెలకి సరిపడేది మాత్రం పోపులపెట్టెలో. పొయ్యి పక్కన గాజు సీసాలో పెట్టడం చూడ్డానికి బాగుంటుంది గానీ పసుపుకి మంచిది కాదు.

## వంటింట్లో

రోజూ కూరల్లో వేసే పసుపు ఒంటికి సరిపోతుందా? రోజుకి ఎంత తినొచ్చు?

ఒక చెంచా పసుపు పొడి సుమారు 3 గ్రాములు. అందులో 3 శాతం లెక్కన 90 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఉంటుంది. ఆహారంలో కలిసే పదార్థాలకు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు, కిలో బరువుకి రోజుకి 3 మిల్లీగ్రాముల కర్క్యుమిన్. అంటే 60 కిలోల మనిషికి 180, పొడిగా చూస్తే రెండు చెంచాలు. పప్పు, కూర, పులుసు అన్నీ కలిపినా మన ఇళ్ళలో మనిషికి అర చెంచా దాటదు. కాబట్టి వంటలో పసుపు గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. అలాగని ఆ అర చెంచా ఏ జబ్బునో తగ్గిస్తుందని ఆశపెట్టుకోవడం కూడా అనవసరం.

మిరియాలు కలపకపోతే పసుపు దండగేనట, నిజమేనా?

ఈ మాట 1998లో బెంగళూరు పరిశోధకులు చేసిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. కర్క్యుమిన్ ఒంటికి పట్టడం కష్టం. పేగుల్లోంచి లోపలికి వెళ్ళేదే కొద్ది, వెళ్ళినదాన్ని లివర్ వెంటనే మార్చేసి బయటికి పంపేస్తుంది. 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, ఇస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరిగింది. ఆ 20 మిల్లీగ్రాములకి పది మిరియపు గింజలు చాలు. అయితే అప్పుడు కూడా రక్తంలో కనిపించింది తక్కువ మోతాదే, అదీ కాసేపే. పైపరిన్ లివర్ పనిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి మీరు వేసుకునే వేరే మాత్రల మోతాదు కూడా ఒంట్లో పెరగొచ్చు. చారులో, పాలల్లో మిరియాలు హాయిగా వేసుకోండి. పైపరిన్ చేర్చిన మాత్రల విషయంలోనే ఆలోచించాలి.

నూనెలో వేస్తే మంచిదా, నీళ్ళలోనా?

నూనె లేదా నెయ్యి. కర్క్యుమిన్ నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పోపులో చివర్న పసుపు వేసి వెంటనే కూర ముక్కలు వేసే మన పద్ధతి సరిగ్గా అదే. కాగిన నూనెలో మాడనిస్తే మాత్రం చేదెక్కుతుంది, రంగు గోధుమకి తిరుగుతుంది.

చేప ముక్కలకి, చికెన్‌కి ముందుగా పసుపు, ఉప్పు ఎందుకు పట్టిస్తారు?

నీచు వాసన తగ్గుతుంది. పసుపుకి కొన్ని రకాల సూక్ష్మజీవుల్ని అణిచే గుణం ఉంది, ఉప్పు కూడా అందుకు తోడవుతుంది. కానీ పసుపు పట్టించి గంటల తరబడి బయట వదిలేస్తే చేప చెడిపోతుంది. ఫ్రిజ్ చేసే పని పసుపు చేయలేదు.

## పైపూతగా

కత్తి తెగితే వెంటనే పసుపు అద్దుతాం. డాక్టర్లు వద్దంటారేం?

చిన్న గీత, పైపై తెగుడు అయితే మన అమ్మలు చేసినదాంట్లో తప్పులేదు. పసుపు వాపుని తగ్గిస్తుంది, కొన్ని రకాల బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది. డాక్టర్లకి ఇబ్బంది పసుపుతో కాదు, మనం అద్దే పొడితో. వంటింటి పొడి శుభ్రమైంది కాదు, అందులో దుమ్ము, మట్టిలోంచి వచ్చిన క్రిముల బీజాలు ఉంటాయి. లోతైన గాయంలో అది గట్టకట్టి కూర్చుంటే కుట్లు వేసేముందు అంతా కడగాల్సి వస్తుంది. రక్తం ఆగకపోయినా, తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకున్నా, కుక్క కరిచినా పసుపు ముట్టుకోవద్దు. ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో కడిగి ఆస్పత్రికి వెళ్ళండి. కుక్క కాటుకి పసుపూ కారమూ పెట్టి రెండు రోజులు ఆగి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాటు గాయాన్ని పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకా మొదలుపెట్టాలి.

గాయానికి పసుపు వాడటం మీద అమెరికా వాళ్ళు పేటెంట్ తీసుకున్నారట, నిజమా?

నిజమే, ఆ పేటెంట్ రద్దయిందన్నది కూడా నిజమే. పసుపుతో గాయాలు మాన్పే పద్ధతికి 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలోని ఇద్దరు పరిశోధకుల పని మీద 5,401,504 నంబరు పేటెంట్ ఇచ్చింది. ఆ ఇద్దరూ మనదేశ మూలాలున్నవాళ్ళే. దాన్ని మన సీఎస్ఐఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధనా మండలి, సవాలు చేసింది. అప్పటి డైరెక్టర్ జనరల్ మాషేల్కర్. ఇది కొత్తగా కనుక్కున్నది కాదని చూపించాలంటే "మా అమ్మమ్మ రాసేది" అని చెబితే కుదరదు, అచ్చులో ఉన్న రుజువు కావాలి. పాత సంస్కృత గ్రంథాలు, 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం, ఇలా 32 ఆధారాలు ముందు పెట్టారు. 1997 ఆగస్టులో పేటెంట్ రద్దయింది. మన సంప్రదాయ వైద్య జ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా పెట్టి ప్రపంచ పేటెంట్ ఆఫీసులకు అందుబాటులో ఉంచే పని ఆ తర్వాతే ఊపందుకుంది.

పసుపు రాసుకుంటే తెల్లబడతామా? మొటిమలు పోతాయా?

తెల్లబడరు. చర్మం మీద కాసేపు పసుపు ఛాయ ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. మొటిమల ఎరుపు, వాపు కొందరిలో తగ్గుతాయి. పెరుగులోనో, శనగపిండిలోనో చిటికెడు కలిపి పది నిమిషాలుంచి కడిగేస్తే చాలు. నిమ్మరసం కలపొద్దు, ఎండలోకి వెళితే మచ్చలు పడతాయి. పసుపు కూడా కొందరికి ఎలర్జీ ఇస్తుంది, దురద, దద్దుర్లు, బొట్టు పెట్టుకున్నచోట నల్లటి మచ్చ దాని గుర్తులు. మొదటిసారి మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూడండి. అవాంఛిత రోమాలు పసుపుతో ఊడిపోతాయన్నది మాత్రం ఆశే. నలుగులో రోమాలు తగ్గేది పిండి పెట్టి రుద్దడం వల్ల.

కాళ్ళకి పసుపు రాసుకోవడంలో మందు ఏమైనా ఉందా, ఆచారమేనా?

రెండూ. పొలం గట్ల మీద, వాకిట్లో తడిలో చెప్పుల్లేకుండా తిరిగే ఆడవాళ్ళకి వేళ్ళ సందుల్లో ఒరుపులు, మడమల పగుళ్ళు మామూలు. శుక్రవారం పొద్దున కాళ్ళు రుద్ది కడుక్కుని పసుపు రాసుకుంటే ఆ వేళ్ళ సందులు శుభ్రపడతాయి, ఫంగస్‌ని కొంత అడ్డుకుంటుంది. శ్రావణమాసంలో, వానల కాలంలో, వాయనాలకి ఇంటింటికీ తిరిగి కాళ్ళకి పసుపు రాయించుకోవడం కాలానికి బాగా కుదిరిన అలవాటు అనిపిస్తుంది నాకు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం రాసుకునే ముందు పాదాలు వెలుతురులో తిప్పి చూసుకోవాలి. పసుపు రంగు కింద చిన్న పుండు, ఎరుపు కనపడకుండా పోతాయి, ఆ పుండే తర్వాత పెద్ద గొడవ తెస్తుంది.

పసిపిల్లలకి పసుపు, సున్నిపిండి నలుగు పెట్టొచ్చా? బొడ్డుకి రాయొచ్చా?

బొడ్డు ఊడేదాకా అక్కడ పసుపు, నూనె, బూడిద ఏమీ పెట్టొద్దు. పొడిగా, గాలి తగిలేలా వదిలేయాలి. మొదటి రెండు వారాలు ఒంటికి కూడా పసుపు వద్దంటాను, దానికి కారణం వేరు. పుట్టిన పిల్లల్లో చాలామందికి కామెర్లు వస్తాయి, ఒళ్ళు పచ్చబడటాన్ని కంటితో చూసి డాక్టర్‌కి చూపించాలి. పసుపు రాసిన ఒంటి మీద అది తెలియదు. ఆ తర్వాత మెత్తటి సున్నిపిండిలో చిటికెడు కలుపుకోవచ్చు, గట్టిగా రుద్దకూడదు.

అమ్మవారు పోసినప్పుడు వేపాకు, పసుపు పెడతారు. పనిచేస్తాయా?

దురద తగ్గుతుంది, పొక్కులు చీము పట్టకుండా కొంత సాయం. వైరస్‌ని మాత్రం తగ్గించవు. పిల్లల్లో ఆటలమ్మ చాలావరకు దానంతట అదే తగ్గిపోతుంది. మన ఇళ్ళలో రోగిని వేరే గదిలో ఉంచడం, గుమ్మానికి వేపమండలు కట్టి వచ్చేవాళ్ళని ఆపడం, చివరికి వేపాకు పసుపు నీళ్ళతో స్నానం చేయించడం, ఇందులో ఆ వేరుగా ఉంచడమే అసలు వైద్యం. పెద్దవాళ్ళకి, గర్భిణులకి, షుగర్ ఉన్నవాళ్ళకి వస్తే ఇంట్లో ఉంచుకోకుండా మొదటిరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. అమ్మవారికి మందు వాడకూడదని ఆగి న్యుమోనియా తెచ్చుకున్నవాళ్ళున్నారు.

బెణుకుకి పసుపు, సున్నం పట్టు వేస్తారు. అది ఎర్రగా ఎందుకు మారుతుంది?

సున్నం క్షారం. క్షారం తగిలితే కర్క్యుమిన్ ఎరుపుకి తిరుగుతుంది. పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు, ఇంట్లో చేసే కుంకుమ అన్నీ ఈ ఒక్క రసాయన చర్యే. ఒక గిన్నెలో పసుపు నీళ్ళు పోసి సున్నం కాస్త గోటితో గీకి వేసి చూడండి, పిల్లలకి కూడా సరదాగా ఉంటుంది. పట్టు విషయానికొస్తే, వెచ్చగా వేసి కదలకుండా కట్టడం వల్ల ఉపశమనం వస్తుంది. సున్నం ఎక్కువైతే చర్మం కాలుతుంది, తోలు లేచినచోట అసలు వేయొద్దు. కాలు నేలమీద మోపలేకపోతే అది బెణుకు కాకపోవచ్చు, ఎక్స్‌రే తీయించండి.

## లోపలికి, ఇంటి వైద్యంగా

పసుపు పాలు ఎలా కలపాలి, ఎప్పుడు తాగాలి?

గ్లాసు పాలకి పావు నుంచి అర చెంచా పసుపు వేసి ఒక పొంగు రానివ్వండి. రెండు మిరియాలు దంచి వేసి వడగట్టుకోండి. పైన చల్లి తాగితే పచ్చి వాసన కొడుతుంది, గొంతులో గరగర. బెల్లం వేయాలంటే దించి కాస్త చల్లారాక, లేకపోతే పాలు విరుగుతాయి. కోవిడ్ వచ్చిన 2020లో ఆయుష్ మంత్రిత్వశాఖ 150 మిల్లీలీటర్ల వేడి పాలలో అర చెంచా పసుపు, రోజుకి ఒకటి రెండుసార్లు తాగమని చెప్పింది. రోగనిరోధక శక్తి కోసం చెప్పిన సలహా అది, కోవిడ్‌కి మందని కాదు. గొంతు నొప్పికి, పొడి దగ్గుకి రాత్రిపూట తాగితే హాయిగా నిద్ర పడుతుంది. పాలు పడనివాళ్ళు వేడి నీళ్ళలో కాస్త నెయ్యి వేసుకుని తాగొచ్చు.

జలుబుకి ఆవిరిలో పసుపు వేయాలా? కొమ్ము కాల్చి పొగ పీల్చమంటారు మా నానమ్మ.

ఆవిరిలో ముక్కు తెరిచేది వేడి తేమ. పసుపు వల్ల అదనంగా కలిగే మేలు తక్కువ, గిన్నెకి మరక పడటం ఖాయం. వేస్తే మాత్రం చిటికెడే. అసలు జాగ్రత్త మరిగే నీళ్ళ గిన్నెతో, దుప్పటి కింద పిల్లలకి ఒలికి కాలిన కేసులు చూస్తూనే ఉంటాం. కొమ్ము కాల్చిన పొగ పీలిస్తే ముక్కు ఒక్కసారిగా వదులుతుంది, అది మండటం వల్ల కారే నీరు. ఆస్తమా ఉన్నవాళ్ళకి, చిన్నపిల్లలకి ఆ పొగ ప్రమాదం. మీ నానమ్మకి నా మాటగా చెప్పండి, పెద్దవాళ్ళయితే ఒక్క పీల్పు, పిల్లలకి వద్దు.

షుగర్‌కి పసుపు, ఉసిరి కలిపి తింటే మాత్రలు మానేయొచ్చా?

మానేయకూడదు. పసుపు, ఉసిరి కలిపిన నిశామలకి ఆయుర్వేదంలో ప్రమేహానికి చెప్పిన పాత యోగమే. ఆధునిక పరీక్షల్లో ఆశ కలిగించినది థాయ్‌లాండ్‌లో జరిగింది, 2012లో వెలువడింది. షుగర్ అంచున ఉన్న 240 మందిని తీసుకుని సగంమందికి రోజుకి ఒకటిన్నర గ్రాముల పసుపు సారం తొమ్మిది నెలలు ఇస్తే వాళ్ళలో ఎవరికీ షుగర్ రాలేదు, మిగతావాళ్ళలో 16 శాతానికి వచ్చింది. వినడానికి బాగుంది. కానీ అది వంట పసుపు కాదు, షుగర్ వచ్చేసినవాళ్ళ మీద చేసింది కాదు, ఒక్క పరీక్షతో మందు తేలదు కూడా. మాత్రలతో పాటు పెద్ద మోతాదులో తీసుకుంటే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, తీసుకునేవాళ్ళు డాక్టర్‌కి చెప్పి, గ్లూకోమీటర్‌తో చూసుకుంటూ ఉండాలి.

మోకాళ్ళ నొప్పులకి పనిచేస్తుందా?

పసుపు జాబితాలో కాస్త బలమైన ఆధారం ఉన్నది ఇక్కడే. 2014లో వెలువడిన థాయ్ పరీక్షలో మోకీళ్ళ అరుగుదల ఉన్న 367 మందిలో రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం నాలుగు వారాల తర్వాత 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ అనే పెయిన్‌కిల్లర్‌తో దాదాపు సమానంగా నొప్పి తగ్గించింది, కడుపులో అసౌకర్యం తక్కువగా ఉంది. పరీక్ష జరిగింది నాలుగు వారాలే. అరిగిన గుజ్జు మళ్ళీ పెరగదు. పెయిన్‌కిల్లర్లు పడని పెద్దవాళ్ళకి డాక్టర్‌ని అడిగి కొద్ది వారాలు ప్రయత్నించడంలో తప్పులేదు. రోజూ కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపే వ్యాయామం, బరువు తగ్గడం మాత్రం పక్కన పెట్టొద్దు.

గ్యాస్, కడుపుబ్బరానికి?

తిన్నాక బరువు, మంట, పుండు లేని అజీర్ణం ఉన్నవాళ్ళకి 28 రోజులు కర్క్యుమిన్ ఇస్తే ఒమెప్రజోల్ అనే ఎసిడిటీ మాత్రకి దీటుగా పనిచేసిందని 2023లో ఇంకో థాయ్ పరీక్ష చెప్పింది. అందులోనూ రోజుకి 2 గ్రాముల సారమే వాడారు. ఇంట్లో అయితే మజ్జిగలో చిటికెడు పసుపు, వాము చాలు. బరువు తగ్గుతున్నా, నల్లటి విరేచనం అవుతున్నా ఏ చిట్కాకీ ఆగొద్దు.

పసుపు క్యాన్సర్‌ని తగ్గిస్తుందని చాలామంది చెబుతున్నారు...

గాజు పళ్ళెంలో క్యాన్సర్ కణాల మీద కర్క్యుమిన్ పోస్తే చచ్చిపోతాయి. మనిషి రక్తంలో అంత మోతాదు చేరదు, సమస్యంతా అక్కడే. పైగా కర్క్యుమిన్ దొరికినదానికల్లా అంటుకుని రంగుతో పరీక్షల్ని తికమక పెట్టే పదార్థం కాబట్టి, ల్యాబులో "పనిచేసింది" అనిపించినవాటిలో చాలా పొరపాట్లే. 2017లో రసాయన శాస్త్రవేత్తలు ఇదే విషయం గట్టిగా రాశారు. ఈ రంగంలో పేరు మోసిన ఒక అమెరికా పరిశోధకుడి వ్యాసాలు పెద్దసంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. కీమోథెరపీ నడుస్తున్నవాళ్ళు పసుపు సారం మాత్రలు సొంతంగా మొదలుపెడితే కొన్ని మందుల పని దెబ్బతినొచ్చు. కూరలో పసుపు మామూలుగా తినొచ్చు.

కామెర్లు వస్తే కూరల్లో పసుపు మానేయాలా?

అక్కర్లేదు. కామెర్లలో కళ్ళకి వచ్చే పసుపు రంగు బిలిరుబిన్‌ది, ఒంట్లో పాత ఎర్ర రక్తకణాలు విరిగితే వచ్చే పదార్థం అది. వంట పసుపుకీ దానికీ రంగు తప్ప చుట్టరికం లేదు. పసుపు తీసేసిన చప్పిడి పప్పు పెట్టి రోగిని నీరసపరచొద్దు. పసుపు క్యాప్సూల్స్ మాత్రం ఆ రోజే ఆపేయాలి. పిత్తాశయంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినవాళ్ళకి అవి ఇంకా చెరుపు, కర్క్యుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది.

## క్యాప్సూల్ చేతికి తీసుకునే ముందు

మా అబ్బాయి అమెరికా నుంచి పెద్ద సీసా పంపాడు. పసుపేగా, వేసుకుంటే ఏమవుతుంది?

సీసా వెనక చూడండి. చాలా వాటిలో "95 శాతం కర్క్యుమినాయిడ్స్, 500 మిల్లీగ్రాములు" అని ఉంటుంది. అంటే ఒక్క క్యాప్సూల్‌లో 475 మిల్లీగ్రాములు, సుమారు 15 గ్రాముల పసుపు పొడిలో ఉండేంత. ఐదు చెంచాలు ఒక్క గుక్కలో మింగినట్టు. రోజుకి రెండు వేసుకోమంటే పది చెంచాలు. మన వంటల్లో ఎన్నడూ లేని మోతాదు ఇది. పైపరిన్ కూడా ఉంటే ఒంటికి పట్టేది ఇంకా ఎక్కువ. అవసరం ఏమిటో తెలిసి, వేసుకుంటున్న మిగతా మందులు చూసుకుని, కొన్ని వారాలకే వాడాలి. "ఆరోగ్యంగానే ఉన్నాను, ఊరికే వేసుకుంటున్నా" అనేవాళ్ళకి నా సలహా, వద్దు.

పసుపు వల్ల లివర్ పాడవుతుందంటున్నారు. కూరల్లో కూడా మానేశాం.

కూరల్లో మానేయాల్సిన పనిలేదు. లివర్ దెబ్బతిన్న కేసులన్నీ దాదాపు మాత్రలు, సారాల వల్లే. ఇటలీలో 2019లో ఒక గుంపుగా బయటపడ్డాయి, 2023లో ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. అమెరికాలో లోతుగా చూసిన పది కేసుల్లో ఏడుగురిలో ఒకే జన్యురకం కనిపించింది, అంటే కొందరి ఒంటికే ఇది పడదు. ఎవరికి పడదో ముందుగా చూసి చెప్పే మార్గం మామూలుగా మనకి లేదు. చాలామందికి మాత్ర ఆపగానే తగ్గింది, ఒకరు చనిపోయారు కూడా.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాను. ఆపరేషన్ కూడా ఉంది.

వార్ఫరిన్, అసిట్రోమ్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు పసుపు క్యాప్సూల్స్ ముట్టుకోవద్దు. పసుపు సారానికి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉంది. వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగికి పసుపు మాత్ర మొదలుపెట్టాక ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చూపే లెక్క, 10 దాటిందని 2018లో న్యూజిలాండ్ హెచ్చరించింది. మామూలుగా ఉండాల్సింది రెండు మూడు మధ్య. ఏ ఆపరేషన్‌కైనా, పన్ను పీకించుకోవడానికైనా రెండు వారాల ముందే క్యాప్సూల్ ఆపి, ఆ సంగతి సర్జన్‌కి చెప్పండి.

గర్భంతో ఉన్నాను, బాలింతకి కూడా పెడతారు. పర్వాలేదా?

కూరల్లో, పాలల్లో చిటికెడు పర్వాలేదు. బాలింతకి పెట్టే పసుపు, వాము, వెల్లుల్లి పథ్యంలో ఉండేది తిండి మోతాదే. సారం మాత్రలు గర్భిణులకి సురక్షితమని తేల్చిన పరీక్షలు లేవు కాబట్టి తొమ్మిది నెలలూ, పాలిచ్చినన్నాళ్ళూ వద్దు.

కిడ్నీలో రాళ్ళు వచ్చాయి. రక్తం తక్కువ అన్నారు. పసుపు తినొచ్చా?

పసుపులో కిడ్నీ రాళ్ళకి దారితీసే ఆక్సలేట్లు ఎక్కువ. మాత్రల స్థాయిలో పొడి తింటే మూత్రంలో ఆక్సలేట్ పెరుగుతుందని పరీక్షల్లో తేలింది, ఆక్సలేట్ రాళ్ళ చరిత్ర ఉన్నవాళ్ళు రోజూ చెంచాలకొద్దీ పసుపు నీళ్ళు తాగడం మానాలి. ఇనుముని కర్క్యుమిన్ పట్టేసుకుంటుంది కాబట్టి ఐరన్ మాత్ర వేసుకునే పూట పసుపు పాలు వద్దు, కనీసం రెండు గంటల తేడా ఉంచండి. కూరలో వేసేదానితో ఈ రెండింటిలో ఏ భయమూ లేదు.

ఇప్పటికే వాడుతున్నాను. ఏం గమనించాలి?

మూత్రం ముదురు రంగులోకి తిరిగితే, కళ్ళు పచ్చబడితే, కారణం తెలియకుండా ఒళ్ళంతా దురద పెడితే, వికారంతో అన్నం సహించకపోతే ఆ పూటే ఆపి లివర్ పరీక్ష చేయించుకోండి. ఇవి వారంలో రావచ్చు, మూడు నెలల తర్వాతా రావచ్చు. చిగుళ్ళలోంచి రక్తం, ఊరికే కమిలిన మచ్చలు కనిపించినా ఆపండి. డాక్టర్ "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మనవాళ్ళు బీపీ, షుగర్ మాత్రల పేర్లు చెప్పి ఊరుకుంటారు, పసుపు క్యాప్సూల్‌ని మందు కింద లెక్కేయరు. ఆ సీసానే సంచిలో వేసుకుని వెళ్ళి బల్లమీద పెట్టండి.